చిన్న పెంపుడు కుక్కకు టీకాలు ఎన్నాళ్ళ కొకసారి?

కోనసీమలో తోటకు కాపలాగా కుక్కను పెంచుట పూర్వమునుండి ఉన్నదే. అది కొబ్బరితోటలోనో, కళ్ళములోనో, పశువుల పాకవద్దనో పడియుండెడిది. ఇంటిలోపలికి వచ్చెడిది కాదు. ఇప్పుడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పట్టణములందే గాక పల్లెలందును చిన్నజాతి కుక్కలు, ముఖ్యముగా బొచ్చుగల తెల్లని పామరేనియన్ రకపు కుక్కలు, ఇండ్లలోపలనే పెరుగుచున్నవి. ఇవి పిల్లల ప్రక్కన పండుకొనును. వంటయింటి గడపలో కూర్చుండును. పిల్లల చేతులు, మొగములు నాకును. కావున వీని ఆరోగ్యము ఇంటిల్లిపాది ఆరోగ్యముతో ముడిపడియున్నది.

ఇట్టి కుక్కలను పెంచు రైతులు అడుగు ప్రశ్న ఒకటి కలదు: "దీనికి టీకాలు ఏటేటా వేయించవలెనా? చిన్నప్పుడు వేయించినవి చాలవా?" ఒకరు చిన్నప్పటి సూదులతో సరిపెట్టుచున్నారు. మరియొకరు ఉన్న టీకాలన్నియు ప్రతి సంవత్సరము ఒకేనాడు వేయించుచున్నారు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. మొదటి దానివలన ప్రాణాపాయము కలుగవచ్చును. రెండవ దానివలన అనవసరపు ఖర్చు, చిన్న కుక్కకు కొంత బాధ కలుగును.

సేద్యశాస్త్రము బోధించు నేను పశువైద్యుడను కాను. అయినను ఏ ఎరువు ఎప్పుడు, ఎందుకు వేయవలెనో ఆలోచించి తేల్చుకొను రైతు ఈ విషయమును గూడ అట్లే తేల్చుకొనగలడు. పశువైద్య శాస్త్రజ్ఞులు అంగీకరించిన సూత్రములను మన ప్రాంతపు పరిస్థితులకు అన్వయించి ఇచ్చట వివరించుచున్నాను.

గేదెల విషయమున మీకు తెలిసిన లెక్కయే

గాలికుంటు టీకాను గేదెలకు ఆరు నెలల కొకసారి వేయింతురు. గొంతువాపు టీకాను ఏడాదికొకసారి, తొలకరికి ముందు వేయింతురు. గొడ్లు ఈసుకుపోవు బ్రూసెల్లా వ్యాధికి పెయ్యదూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సులో జీవితమున ఒక్కసారి మాత్రమే టీకా వేయుదురు. ఒకే పశువునకు మూడు టీకాలు, మూడు గడువులు. గాలికుంటు టీకా ఆరు నెలల కొకసారి వేయుచున్నాము గదా అని బ్రూసెల్లా టీకాను ఆరు నెలల కొకసారి ఎవరును వేయరు.

కుక్కల విషయమును ఇంతే. "కుక్క టీకా" అని ఒక టీకా లేదు. ప్రతి జబ్బునకు వేరు టీకా, ప్రతి టీకాకు వేరు గడువు కలవు. ఆ గడువును మూడు సంగతులను బట్టి నిర్ణయింపవలెను. ఒకటి, ఆ టీకావలన కలుగు రక్షణ ఎంతకాలము నిలుచును? రెండు, ఆ జబ్బు మన ఊరిలో ఎంతవరకు ఉన్నది? మూడు, లెక్క తప్పినచో జరుగు నష్టమెంత?

కోనసీమలోని చిన్న కుక్కకు ఈ మూడు ప్రశ్నలు వేసికొన్నచో వచ్చు సమాధానమును ముందుగనే చెప్పెదను. పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటేటా. ఎలుక జ్వరపు టీకా ఏటేటా, వానలకు ముందు. డిస్టెంపర్, పార్వో, కాలేయపు వాపు జబ్బుల టీకా మొదటి సంవత్సరపు మోతాదులు సక్రమముగా పూర్తియైన తరువాత మూడేండ్ల కొకసారి. ఇందుకు కారణములను ఇక చూతము.

మొదటి సంవత్సరము: ముర్రుపాల సంగతి

దూడ పుట్టిన వెంటనే ముర్రుపాలు ఎందుకు త్రాపింతుమో మీ అందరకు తెలియును. తల్లి శరీరములోని రోగనిరోధక పదార్థములు ఆ పాలద్వారా దూడకు చేరును. కుక్కపిల్లకును అట్లే చేరును. ఆ రక్షణ కొన్ని వారములు నిలిచి క్రమముగా తగ్గిపోవును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. తల్లినుండి వచ్చిన రక్షణ బలముగా నున్నంతకాలము టీకా పనిచేయదు. టీకాలోని బలహీనపరచిన రోగక్రిమిని ఆ పదార్థములే అణచివేయును. పిల్ల శరీరము స్వయముగా రక్షణ తయారుచేసికొను అవకాశముండదు. ఈ తల్లి రక్షణ ఒక పిల్లలో ఎనిమిది వారములకే పోవును. మరియొక పిల్లలో పదునారు వారముల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. పైకి చూచి చెప్పుటకు వీలుకాదు. అందుచేతనే ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున, పదునారు వారములు నిండువరకు టీకా వేయుదురు. ఇవి బలమునకు అదనముగా వేయు మోతాదులు కావు. తల్లి రక్షణ పోయిన సమయమును ఏదో ఒక మోతాదు అందుకొనవలెనని వేయునవి. కావున "రెండు సూదులు పడినవి గదా, మూడవది ఎందుకు?" అని ఆపరాదు. అన్నిటిలోను ముఖ్యమైనది పదునారు వారములకు పడునదే.

ప్రపంచ చిన్న పశువుల వైద్య సంఘమువారు 2024లో సవరించిన సూచనలలో మరియొక మార్పు చేసిరి. పిల్లకుక్క మోతాదులు ముగిసిన తరువాత పూర్వము ఏడాది నిండినప్పుడు వేయుచుండిన మోతాదును ఇరువదియారు వారములకు, అనగా ఆరు నెలలకే వేయించుట మేలని వారి సలహా. పదునారు వారముల నాటికిని తల్లి రక్షణ పోని పిల్లలు కొన్ని మిగిలిపోవును. అవి ఏడాది నిండువరకు రక్షణ లేకుండ తిరుగకుండుటకే ఈ మార్పు.

పిచ్చికుక్క వ్యాధి: ఏటేటా, తప్పక

రేబిస్ అను ఈ జబ్బునుగూర్చి ఒక్కమాట గుర్తుంచుకొనవలెను. లక్షణములు పైకి కనబడిన తరువాత మనుష్యునకుగాని, కుక్కకుగాని, గేదెకుగాని బ్రతుకు ఆశ దాదాపు లేదు. రోగక్రిమి గాయమునుండి నరములవెంట మెదడునకు ప్రాకును. మనుష్యునిలో ఈ ప్రయాణమునకు సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును. అది మెదడును చేరులోపల టీకా పనిచేసినచో ప్రాణము దక్కును. చేరిన తరువాత ఏ మందును పనిచేయదు.

లూయీ పాశ్చర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1885 జూలై 6వ తేదీన మొదటిసారి ఒక బాలునకు ఈ చికిత్స గావించెను. మన దక్షిణ దేశమున 1907లో నీలగిరి కొండలలోని కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసినది. ఆ కాలమున కుక్క కరచినవారు చికిత్సకై అంతదూరము పోవలసి వచ్చెడిది. తరువాత చికిత్స ఊరూరికి వచ్చినను, గొఱ్ఱె మెదడునుండి తయారైన మందును బొడ్డుచుట్టు దినదినము పొడిపించుకొనవలసి యుండెడిది. పెద్దలకు ఆ సూదుల బాధ నేటికిని జ్ఞాపకమే. మన దేశమున 2004తో ఆ మందు నిలిచిపోయినది. ఇప్పటి టీకాలు ప్రయోగశాలలో కణములమీద పెంచిన క్రిమినుండి తయారగుచున్నవి. హైదరాబాదులో 1982లో స్థాపితమైన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుష్యులకును కుక్కలకును ఇట్టి టీకాలు తయారుచేయుచున్నది.

మందు ఇంత సులభమైనను జబ్బు పోలేదు. ప్రపంచమున ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత వైద్య పరిశోధన మండలివారు 2022–23లో జరిపించిన సర్వేను బట్టి మన దేశమున ఏటా సుమారు 5,700 మంది మరణించుచున్నారు. అనుమానపు జంతువులచే కరువబడినవారిలో నూటికి నలుబది మంది పదునైదేండ్ల లోపు పిల్లలు. జబ్బు అంటించుచున్నవి దాదాపు అన్నియు కుక్కలే.

ఇక గడువు మాట. కుక్కకు మొదటి రేబిస్ టీకా మూడు నెలలు నిండిన తరువాత వేయవలెను. ఏడాదికి రెండవది వేయవలెను. ఆ పిమ్మట కొన్ని కంపెనీల టీకాలకు మూడేండ్లవరకు రక్షణ నిలుచునని పరీక్షలలో తేలినది. వీధికుక్కలలో ఈ జబ్బు దాదాపు లేని దేశములలో మూడేండ్ల కొకసారి వేయుట ఆచారమైనది. అట్లయిన మనము ఏటేటా ఎందుకు వేయించవలెను?

మన వీధులలో టీకా పడని కుక్కలు తిరుగుచున్నవి. మన చిన్న కుక్క గేటు సందులోనుండి వానితో మూతి కలుపుచున్నది. మొదటి మోతాదు సరిగా అంటని కుక్కలు నూటికి కొన్ని యుండును; మరుసటి ఏటి మోతాదు వానిని అందుకొనును. ఇక నష్టము మాట: ఇతర జబ్బులలో లెక్క తప్పినచో కుక్క పోవును, దీనిలో లెక్క తప్పినచో ఇంటి బిడ్డ పోవును. విత్తనశుద్ధికి అయ్యెడి కొద్దిపాటి ఖర్చును పంట నష్టముతో పోల్చి చూచు రైతునకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. సీసామీదనున్న గడువు ఏడాది యైనచో ఏడాదియే. అంతకు మించినదైనను వీధికుక్కలున్న ఊరిలో ఏడాది నియమమును విడువకుండుట మంచిది.

ఏటా జూలై 6న జరుగు ప్రపంచ జంతుసంక్రమిత వ్యాధుల దినమున మన రాష్ట్ర పశుసంవర్ధక శాఖవారు పశువైద్యశాలలలో ఈ టీకాను ఉచితముగా వేయుచున్నారు. దానిని వినియోగించుకొనుడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు జంతువులకు టీకాలు, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించు బాధ్యత యజమానిదే.

ఎలుక జ్వరము: ఏటేటా, వానలకు ముందు

దీనిని లెప్టోస్పైరోసిస్ అందురు. ఇది కోనసీమ రైతు ప్రత్యేకముగా గమనింపవలసిన జబ్బు. దీని సూక్ష్మజీవి ఎలుకల మూత్రములో వెలువడును. పశువులు, పందులు, కుక్కలు గూడ దీనిని వెదజల్లగలవు. తడినేలలోను, నిలువనీటిలోను అది వారములతరబడి బ్రతికియుండి, కాలి పగుళ్ళద్వారా, గాయములద్వారా, కండ్లు, నోటిద్వారా శరీరములో ప్రవేశించును. కుక్కకు జ్వరము, వాంతులు, పచ్చకామెరలు వచ్చి మూత్రపిండములు చెడిపోవును. మనుష్యునకు తీవ్రమైన జ్వరము, పిక్కల నొప్పులు, కామెరలు వచ్చి ప్రాణము మీదికి రావచ్చును.

ఇప్పుడు మన సీమను చూడుడు. గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న పల్లపు భూమి. ఊరూర పంటకాలువలు, బోదెలు, మురుగుకాలువలు. వరి గట్లలో ఎలుక బొరియలు. కొబ్బరి మొవ్వులలో ఎలుక గూళ్ళు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగినప్పుడు లంకగ్రామములు నీట మునిగి, గట్లలోని ఎలుకలు ఇండ్లలోనికి ఎక్కినవి. ఇంతటి వరద రాకున్నను ఆషాఢమునుండి కార్తికమువరకు మన దొడ్లలో తడి ఆరదు. ఆ తడిలో తిరిగి, ఎలుకను తరిమి, గుంటలో నీరు త్రాగివచ్చిన కుక్క ఇంటిలో మూత్రము విడిచినచో జబ్బు ఇంటికి చేరినట్లే.

ఈ టీకా చచ్చిన సూక్ష్మజీవులతో తయారైనది. దీని రక్షణ సుమారు పండ్రెండు నెలలు మాత్రమే నిలుచును. మొదట రెండు నుండి నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు తప్పనిసరి; ఒక మోతాదుతో రక్షణ రాదు. తరువాత ఏటేటా ఒకటి. ఈ సూక్ష్మజీవులలో పెక్కు రకములున్నవి. టీకాలో కొన్ని రకములే యుండును. కావున టీకా వేయించితిమని ఎలుకల నిర్మూలన మానరాదు. కుక్క గిన్నెలో మిగిలిన కూడును రాత్రి ఉంచకుండుట, బొరియలు మూయుట, గట్లమీద సామూహికముగా ఎలుకల మందు పెట్టుట గూడ ఈ జబ్బునకు మందులే. మందు పెట్టిన రోజులలో కుక్కను కట్టివేయవలెను.

మిగిలిన మూడు జబ్బులు: మూడేండ్ల కొకసారి

డిస్టెంపర్‌లో జ్వరము, ముక్కునుండి చీమిడి, తరువాత మూర్ఛలు వచ్చును. పార్వోలో వాంతులు, దుర్గంధముతో కూడిన రక్తవిరేచనములు పట్టి పిల్లకుక్క రెండు మూడు దినములలోనే చనిపోవచ్చును. ఈ జబ్బు 1978 ప్రాంతమున ప్రపంచమున క్రొత్తగా బయలుదేరినది. మూడవది ఒక వైరసువలన కలుగు కాలేయపు వాపు. ఈ మూడింటికి ఒకే సూదిలో టీకా దొరకును.

ఈ టీకాలలో బలహీనపరచిన, బ్రతికియున్న క్రిమి ఉండును. అది శరీరములో కొంత పెరిగి, నిజమైన జబ్బు వచ్చిపోయినంత గట్టి రక్షణను మిగుల్చును. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో జరిగిన పరిశోధనలలో ఈ రక్షణ ఏడు సంవత్సరములకు పైగా నిలిచినట్లు తేలినది. అందుచే మొదటి మోతాదులు పూర్తియైన కుక్కకు మూడేండ్లలోపల మరల వేయుటవలన అదనపు లాభము లేదు. అప్పటికే చాలినంత నత్రజని యున్న వరిచేనిలో మరల యూరియా చల్లినట్లే యగును.

పార్వోనుగూర్చి ఒక హెచ్చరిక. దాని క్రిమి నేలలో నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదివరకు బ్రతికియుండును. మీ యింట ఒక పిల్ల ఈ జబ్బుతో పోయినచో, బ్లీచింగు పౌడరు కలిపిన నీటితో నేల, గిన్నెలు శుభ్రపరుపవలెను. టీకాలు పూర్తికాని మరియొక పిల్లను ఆ దొడ్డిలోనికి తేరాదు.

ఉమ్మడి టీకాలో చిక్కు

బజారులో "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అని చెప్పు ఉమ్మడి టీకాలు దొరకును. వీనిలో మూడేండ్ల గడువు గలవియు, ఏడాది గడువు గల లెప్టో టీకాయు కలిసియుండును. లెప్టోకొరకు ఏటా వేయించినచో తక్కినవియు ఏటా పడుచున్నవి. సాధారణముగా ఇట్టి టీకా రెండు సీసాలుగా వచ్చును: వైరసు జబ్బుల భాగము పొడిగాను, లెప్టో భాగము ద్రవముగాను ఉండును. లెప్టో భాగమును విడిగా అమ్ము కంపెనీలును కలవు. "ఈ ఏడు లెప్టో మాత్రమే వేయుటకు వీలున్నదా?" అని పశువైద్యుని అడుగుడు. విడిగా దొరకనిచో ఉమ్మడి టీకానే వేయించుడు. అధికముగా పడిన డిస్టెంపర్ టీకావలన కలుగు నష్టము స్వల్పము. మన తడినేలలో లెప్టో టీకా మానుటవలన కలుగు నష్టము పెద్దది.

చిన్న కుక్క యైనచో మోతాదు తగ్గించవచ్చునా?

తగ్గించరాదు. పురుగుమందును ఎకరమునకు ఇంత యని కొలిచినట్లు టీకాను బరువునుబట్టి కొలువరు. టీకా ఒక మేలుకొలుపు వంటిది. శరీరము మేలుకొనుటకు కొంత పరిమాణము కావలెను. ఆ పరిమాణము మూడు కిలోల కుక్కకును ముప్పది కిలోల కుక్కకును ఒకటే. సగము సూది వేయించినచో ఖర్చు దక్కదు, రక్షణ దక్కదు.

అయితే చిన్న కుక్కల విషయమున ఒక జాగ్రత్త నిజముగా అవసరము. అమెరికాలో పన్నెండు లక్షలకు పైగా కుక్కల లెక్కలు పరిశీలించి 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో, టీకా వేసిన మూడు దినములలో ఏదో ఒక బాధ కనబడినవి పదివేలకు సుమారు 38 మాత్రమే. కాని పది కిలోల లోపు కుక్కలలో, ఒకేనాడు వేసిన ప్రతి అదనపు టీకాకు ఈ బాధ వచ్చు అవకాశము నూటికి 27 వంతున పెరిగినది. పెద్ద కుక్కలలో ఈ పెరుగుదల అందులో సగమునకు లోపే. కావున చిన్న కుక్కకు సూది పరిమాణము తగ్గించరాదు. ఒకేనాడు పడు సూదుల సంఖ్య తగ్గించవలెను. ఒక టీకాకు మరియొక టీకాకు నడుమ కనీసము రెండు వారములు, వీలైనచో నాలుగు వారములు ఎడముంచుడు.

సూది వేసిన తరువాత అరగంటసేపు పశువైద్యశాలలోనే ఉండుడు. ఒకటి రెండు దినములు మందకొడిగా నుండుట, సూదిచోట కొద్దిపాటి వాపు సహజము. మొగము వాచుట, విడువని వాంతులు, సొమ్మసిల్లుట కనబడినచో వెంటనే వైద్యుని చూపవలెను. అట్టి కుక్కకు మరుసటి ఏడు టీకా మానవలసిన పనిలేదు. ముందుగా ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. జ్వరముతోనున్న కుక్కకు, నీరసించిన కుక్కకు టీకాను కొద్దిదినములు వాయిదా వేయవలెను.

జ్ఞాపకముంచుకొనుటకు సులభమైన పంచాంగము

పిల్లకుక్కకు:
ఎనిమిది వారములకు: డిస్టెంపర్, పార్వో, కాలేయపు వాపు టీకా.
పండ్రెండు వారములకు: అదే రెండవసారి, లెప్టో మొదటిసారి.
పదునాలుగు వారములకు: రేబిస్.
పదునారు వారములకు: మూడు జబ్బుల టీకా మూడవసారి, లెప్టో రెండవసారి.
ఆరు నెలలకు: మూడు జబ్బుల టీకా మరియొకసారి.

పెద్ద కుక్కకు:
మే నెలలో, తొలకరికి ముందు: లెప్టో, ప్రతి సంవత్సరము.
జూలై మొదటి వారమున, ఉచిత టీకాల దినమున: రేబిస్, ప్రతి సంవత్సరము.
సంక్రాంతి వెళ్ళిన తరువాత: మూడు జబ్బుల టీకా, మూడేండ్ల కొకసారి.

ఇట్లు చేసినచో పెద్ద కుక్కకు ఏ రెండు టీకాలును ఒకేనాడు పడవు. అయితే మీ కుక్కకు రేబిస్ గడువు మార్చిలోనే ముగిసినచో ఉచిత టీకాకై జూలైవరకు ఆగరాదు. ముందు వేయించి, తరువాతి ఏటినుండి నెల సర్దుకొనవచ్చును.

గడువు దాటినచో

రేబిస్ గడువు దాటినచో తెలిసిననాడే ఒక మోతాదు వేయించుడు. లెప్టో గడువు దాటి చాలకాలమైనచో మొదటివలెనే రెండు మోతాదులు వేయించవలసియుండును. చిన్నప్పటి మోతాదులు పూర్తియైన కుక్కకు మూడు జబ్బుల టీకా గడువు దాటినను ఒక్క మోతాదు చాలును. చరిత్ర తెలియని పెద్ద కుక్కను తెచ్చుకొన్నచో టీకాలు పడలేదనియే భావించి మొదలుపెట్టుడు.

టీకా పుస్తకములో తేదీ, టీకా పేరు, సీసామీది బ్యాచి నెంబరు, తిరిగి వేయవలసిన తేదీ వ్రాయించుకొనుడు. దానిని భూమి కాగితములతోబాటు భద్రపరచుడు.

టీకా చెడకుండ చూచుకొనుట

జీవన ఎరువుల పొట్లమును ఎండలో పెట్టినచో అందులోని సూక్ష్మజీవులు చచ్చి, ఎరువు మట్టితో సమానమగునని మీకు తెలియును. టీకాయు అట్టిదే. దానిని 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చలువలో ఉంచవలెను. ఎక్కువ వేడియు, గడ్డకట్టు చలియు దానిని పాడుచేయును. అమలాపురములో కొని, బస్సులోను పడవలోను లంకకు తీసికొనిపోవువారు మంచుగడ్డలున్న ఫ్లాస్కులో, సీసా మంచునకు నేరుగా తగులకుండ గుడ్డ చుట్టి తీసికొనిపోవలెను. అంతకంటె కుక్కనే వైద్యశాలకు తీసికొనిపోవుట ఉత్తమము. చొక్కా జేబులో మధ్యాహ్నమంతయు తిరిగిన టీకా పుస్తకములో తేదీగా మిగులునే గాని కుక్కకు రక్షణ ఈయదు.

కుక్క కరచినప్పుడు

టీకా వేసిన మన కుక్కయే కరచినను, గీరినను, గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసుపు, ఆకు పసరు వేయరాదు, కట్టు బిగించరాదు. అదే దినమున ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. అచ్చట టీకా ఉచితము. ఇప్పుడు జబ్బలమీద చర్మములోనికి నాలుగు దఫాలుగా, అనగా మొదటి దినము, ఆ తరువాత 3వ, 7వ, 28వ దినములలో వేయుచున్నారు. రక్తము వచ్చిన గాయమునకు చుట్టును వేరొక మందు గూడ వేయుదురు. దానిని తప్పక అడుగుడు. కరచిన కుక్కను పదిదినములు కట్టి గమనింపవలెనేగాని, ఆ పదిదినములు చికిత్స ఆపరాదు. వీధికుక్క మన కుక్కను కరచినచో గాయము కడిగి వెంటనే పశువైద్యునివద్దకు తీసికొనిపోవలెను; గేదెను కరచినను అట్లే.

ఊరు మొత్తముపై చూచినచో, కుక్కలలో నూటికి డెబ్బదింటికి ఏటా రేబిస్ టీకా పడినచో ఆ ఊరిలో ఈ జబ్బు వ్యాప్తి తెగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఎలుకలను ఒక చేనిలో చంపి ప్రక్కచేనిలో విడిచినచో ఫలితముండదు గదా! అందుచే మీ యింటి చిన్న కుక్కను జూలైలో వైద్యశాలకు తీసికొనిపోవునప్పుడు, మీ వీధిలో అందరును కూడు పెట్టుచున్న ఊరకుక్కకు గూడ టీకా వేయు ఏర్పాటును గూర్చి పశువైద్యునితోను, పంచాయతీవారితోను మాట్లాడుడు. ఈ సాయంకాలమే మీ కుక్క టీకా పుస్తకమును తెరచి, రేబిస్ అని వ్రాసిన చోట చివరి తేదీ ఏదో చూడుడు. అది ఏడాది దాటినదైనచో రేపటి మొదటి పని అదియే కావలెను.